అత్త దవడా, నా కాల్షియమూ

పలాసలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను జువాలజీ చెప్పే రోజుల్లో, నరం చివర బొమ్మ నా అంత బాగా గీసేవాళ్ళు శ్రీకాకుళం జిల్లాలోనే లేరని ఒక నమ్మకం ఉండేది. ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేదు. అయినా రెండువేల సంవత్సరం దాటాక ఆ ఆరేడేళ్ళూ నేను దాని మీదే బతికాను.

నరం చివర కాల్షియం గేట్లుంటాయి. కబురు రాగానే గేటు తెరుచుకుంటుంది, బయట కాచుకుని ఉన్న కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. కాశీబుగ్గ రైల్వే గేటు ఎత్తగానే ఆటోలు ఎలా పడతాయో అలా అని చెప్పేదాన్ని. పిల్లలు నవ్వేవారు, ఎందుకంటే వాళ్ళలో సగంమంది ఆ గేటు వంకతోనే ఫస్టు పీరియడ్ ఎగ్గొట్టేవారు. కాల్షియం లోపలికి వస్తేనే, అక్కడ రసాయనం నింపుకుని కూర్చున్న చిన్న చిన్న సంచులు గోడకి అతుక్కుని తెరుచుకుంటాయి, కబురు అవతలి కణానికి చేరుతుంది. సిలబస్ ఇంతే. కానీ అక్కడ ఆగితే నేను నేనెందుకవుతాను? గొప్ప కోసం బ్యాక్టీరియా విషాల దగ్గరికి వెళ్ళేదాన్ని.

ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి మట్టిలో, పేడలో ఉంటుంది, గాలి సోకని పుండంటే దానికి పండగ అని చెప్పేదాన్ని. దాని విషం నరం వెంబడి పాకుతూ వెన్నుపాములోకి వెళ్తుంది. అక్కడ గేటు మామూలుగానే తెరుచుకుంటుంది, కాల్షియమూ మామూలుగానే వస్తుంది. కానీ సంచిని గోడకి లాగి కట్టే తాడుని ఆ విషం ముందే తెంపేసి ఉంటుంది, కాబట్టి కాల్షియం వచ్చి ఎంత గోల పెట్టినా సంచి తెరుచుకోదు. అందులోనూ అది ఎంచుకునేది కండరానికి "ఇంక చాలు, వదులు" అని చెప్పే నరాలని. వదలమనే దిక్కు లేక ఒంట్లో కండరాలన్నీ ఒక్కసారే బిగుసుకుంటాయి. "మొదట దవడ పట్టేస్తుంది" అని నల్లబల్ల మీద రాసి, కింద రెండు గీతలు కొట్టేదాన్ని. ఆ గీతలు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నేను టెక్కలి పిల్లని. టెక్కలిలో మా ఇంట్లో సీలింగు ఫ్యాను తిరిగేది కనక నేను టౌను మనిషిని. పెళ్ళయి వచ్చిపడింది మందస దారిలో ఒక ఉద్దానం పల్లెకి. మా ఆయన పలాసలో జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మామగారు ఎప్పుడో పోయారు. జీడితోట, కొబ్బరిచెట్లు, రెండు ఆవులు, వాటితో పాటు నన్నూ కాపలా కాసే పని అత్తదే. ఆవిడ నవ్వగా నేను ఆరేళ్ళలో చూడలేదు. మా ఆయన్ని అడిగితే, చిన్నప్పుడు ఒకసారి చూసినట్టు గుర్తుంది గానీ అది కలేమో అన్నారు. నేను ఉదయం బస్సు కోసం పరుగెడుతుంటే ఆవిడ ఆవుల సాల దగ్గర నిలబడి, నా చెప్పుల వంక, చేతిగడియారం వంక, ఆఖరికి నా మొహం వంక చూసేది. ఆ వరసలోనే చూసేది.

ఉద్దానంలో కాలికి ఏం తగిలినా మందు ఒకటే. జీడిపిక్కలు కాల్చినప్పుడు తొక్కలోంచి నల్లటి నూనె కారుతుంది. చర్మానికి తగిలితే మాడ్చేస్తుంది. ఆ నూనెని పుల్లతో పుండు మీద పెడతారు. మంట నెత్తికెక్కుతుంది, పుండు నల్లగా బిగుసుకుని మూసుకుపోతుంది, మనిషి అదే పూట మళ్ళీ తోటలోకి నడిచిపోతుంది. జీడిపిక్కలు రాలే వేసవిలో పుండు మానేదాకా కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. అక్కడి ఆడవాళ్ళ అరికాళ్ళు అలా ముట్టించీ ముట్టించీ ఇనపరేకుల్లా ఉంటాయి, వాటి మీద ఏది పాత మచ్చో ఏది కొత్తదో దేవుడికే తెలియాలి.

ఒకసారి అత్త అలా నూనె పెట్టుకుంటుంటే చూసి, చుట్టుపక్కల ఆడవాళ్ళ ముందే నేను పాఠం అందుకున్నాను. గాలి సోకకుండా మూసేస్తే లోపల క్రిములు పెరుగుతాయని, ఇది అనాగరికమని, టీటీ ఇంజక్షన్ చేయించుకోవాలని, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. విన్నవాళ్ళలో ఒకావిడ మెచ్చుకుంది కూడా. "ఎంత బాగా సెప్పిందో, రేడియోలో లాగ" అంది.  అత్త పుల్ల పడేసి లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు గెలిచింది నేనేననుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, ఇంటినే రచ్చ చేసి గెలవమని ఎవరూ అనలేదు. అప్పట్నించీ ఆవిడ ఏం తగిలినా నాకు కనపడకుండా నూనె పెట్టుకోవడం మొదలుపెట్టింది.

కాబట్టి ఆ వేసవిలో ఆవుల సాల దగ్గర పేడమట్టిలో పాత మేకు ఆవిడ అరికాల్లో దిగిందని మాకెవరికీ తెలీదు. పీకి పారేసి, నూనె ముట్టించి, తోటకి పోయిందట. ఇదంతా తరవాత తెలిసింది. కొంచెం కుంటుతున్నట్టు నేను గమనించకపోలేదు. కోడలు చెప్పులేసుకుని వేసవి క్లాసులకి పోతుంటే తాను కష్టపడుతున్నానని చూపించడానికే కుంటుతోందని నా వ్యాఖ్యానం. అత్తగారి ప్రతి కదలికకీ నా దగ్గర ఒక వ్యాఖ్యానం ఉండేది.

వారం పది రోజులు గడిచాయి. ఒక ఉదయం నేను బస్సుకి బయల్దేరుతుంటే అత్త అరుగు మీద కూర్చుని నన్ను చూసి నవ్వింది. పెదాలు రెండు పక్కలకీ సాగాయి, పళ్ళు కనపడ్డాయి, కనుబొమలు పైకి లేచాయి. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే బస్సులో నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆరేళ్ళకి నా మంచితనం గుర్తించిందనుకున్నాను. సాయంత్రం మా ఆయనకి చెప్తే, "మా యమ్మా? నిన్ను సూసి నవ్విందా?" అని రెండుసార్లు అడిగారు. ఆయన వెళ్ళి చూసొచ్చి, "అవునే, ఇంకా నవ్వతంది" అన్నారు. ఇద్దరం కలిసి సంతోషించాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే నవ్వు మొహాన ఉన్న మనిషిని చూసి సంతోషించిన ఇద్దరిలో ఒకరు జువాలజీ ఎమ్మెస్సీ.

మర్నాడు ఆవిడ గంజి తాగలేకపోయింది. నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. మెడ పట్టేసింది, పిక్కలు లాగుతున్నాయి. మాట వస్తోంది గానీ పళ్ళ సందుల్లోంచి, ఏమంటోందో తెలీకుండా. పక్కూరి డాక్టరుని పిలిపించాం. డాక్టరంటే ఏ కాలేజీలోనూ చదివినవాడు కాదు. ఎవరి దగ్గరో సూది పొడవడం నేర్చుకుని, మోపెడ్ కొనుక్కున్నాడు. పంటినొప్పన్నాడు మొదట. అప్పుడు నేను నోరు తెరిచాను. ఆ ఇంట్లో నోరు బాగా తెరుచుకునేది నాకొక్కదానికే కదా.

"పంటినొప్పి కాదండీ. రక్తంలో కాల్షియం తగ్గితే నరాలు ఊరికే రెచ్చిపోతాయి, కండరాలు బిగుసుకుంటాయి. వయసులో ఉన్న మనిషి కాదు కదా ఈవిడ, ఎముకల్లో కాల్షియం అయిపోయి ఉంటుంది" అన్నాను. చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కాల్షియం తగ్గితే అలాగే అవుతుంది. కండరాలు బిగుసుకునే జబ్బులు నాకు తెలిసినవి రెండు, అందులో నాకు నచ్చినది తీసుకున్నాను, అంతే.

డాక్టరు మొహం వెలిగిపోయింది. "నానూ అదే అనుకుంతన్నాను మేడంగోరూ" అన్నాడు. ఎందుకనుకోడు, అతని సంచిలో ఉన్నవి రెండే రకాల మందులు, వాటిలో ఒకటి కాల్షియం ఇంజక్షన్. అది నరంలోకి ఎక్కిస్తే ఒళ్ళంతా వేడెక్కుతుంది. వేడెక్కితే మందు పనిచేస్తోందని మా వాళ్ళకి గట్టి నమ్మకం. అత్తకి చెమటలు పట్టాయి. అందరం తృప్తిగా తలలూపాం. మూలిగే నక్క మీద తాటిపండు వేసి, నక్కకి ఊరట కలిగిందా లేదా అని చూస్తున్నాం.

రెండు రోజులు రెండు ఇంజక్షన్లు. రెండో రోజు కాలేజీకి సెలవు పెట్టి నేనే దగ్గర కూర్చున్నాను. అత్త మంచం మీద కర్రలా పడుకుని నన్నే చూస్తోంది, ఆ నవ్వు అలాగే ఉంది. చెయ్యెత్తి తన కాలి వైపు చూపించింది. నేను చూశాను. మళ్ళీ చూపించింది. కళ్ళు నా మొహం మీంచి కాలి మీదికి, కాలి మీంచి నా మొహం మీదికి తిప్పుతోంది. పళ్ళ సందుల్లోంచి ఏదో మూలుగు.

నాకు అర్థమైపోయింది. కాళ్ళు పట్టమంటోంది.

ఆ క్షణాన నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఎమ్మెస్సీ చదివిన కోడలు చేత కాళ్ళు పట్టించుకోవాలని ఆరేళ్ళుగా కాచుకుందన్నమాట. ఇప్పుడు జబ్బు వంక దొరికింది. అందుకేనా ఆ నవ్వు? మంచం పట్టె మీద కూర్చుని, రెండు చేతులతో ఆవిడ పిక్కని కసిగా నొక్కాను. కాలు కొయ్యలా ఉంది. నేను ముట్టుకోగానే ఒళ్ళంతా ఒక్క ఊపున వంగి, నడుము మంచం మీంచి లేచింది. పళ్ళు కరుచుకున్నాయి. నేను హడలిపోయి చేతులు తీసేశాను. మా ఆయన లోపలికి పరుగెత్తుకొచ్చి "ఏటైనాది?" అన్నారు.

"ఏమీ కాలేదు. నటన. నా చేత కాళ్ళు పట్టించుకోడానికి" అన్నాను, ఆవిడ తల పక్కనే నిలబడి.

ఆ రోజు మధ్యాహ్నం ఆయమ్మ వచ్చింది. ఆయమ్మంటే మా ఊరి బాప్టిస్టు చర్చి పక్క ఇంట్లో ఉండే ముసలావిడ. ఒక మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్ళు ఆయాగా చేసి దిగిపోయింది. అత్తకీ ఆవిడకీ చిన్నప్పటి స్నేహం. "నా నేస్తం నవ్వతందని ఊరంతా సెప్పుకుంతన్నారు. సచ్చేలోగా ఒకపాలి సూద్దామని వచ్చినానమ్మా" అంటూ గుమ్మంలోంచే నవ్వుతూ లోపలికొచ్చింది. మంచం దగ్గరికి వచ్చి అత్త మొహం చూసింది. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"చెంచా తే" అంది నాతో.

తెచ్చాను. ఆయమ్మ చెంచా కాడని అత్త పళ్ళ సందులోంచి లోపలికి పోనిచ్చి నాలుక వెనక తాకించింది. మామూలు మనిషికైతే వాంతి రావాలి. అత్త దవడలు ఎలకబోనులా ఆ కాడ మీద పడ్డాయి, లాగితే రాలేదు. ఆయమ్మ దాన్ని అలాగే వదిలేసి, అత్త కాళ్ళ వైపు వెళ్ళి, ఒంటి మీద చెయ్యి పడకుండా వంగి, అరికాళ్ళ కింద మొహం పెట్టి చూసింది. వాసన చూసింది.

"ఇది నవ్వు కాదమ్మా. ధనుర్వాతం. ఇదుగో, ఇక్కడ దిగినాది, పైన జీడినూనె మూసీసినారు. బొడ్డు కోసిన పసిగుడ్లకొస్తే ఇలాగే నవ్వతారు. ఎంతమందిని సూసినానో. తలుపులు మూసీండి, గట్టిగా మాటాడకండి, బండి తెండి."

నేను అక్కడే నిలబడ్డాను. బల్ల మీద రాసిన వాక్యం, దాని కింద రెండు గీతలు, తెల్ల సుద్దతో సహా కళ్ళ ముందు కనపడ్డాయి. ఏడో తరగతి కూడా చదవని ఆయమ్మ ఒక చెంచాతో తేల్చేసింది. నేను మూడు రోజులు ఆ మొహం చూస్తూ, రెండు రోజులు కాల్షియం ఎక్కించాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, నా విషయంలో మతి ముందు ఉండేదని కూడా గట్టిగా చెప్పలేను.

జీపు మాట్లాడుకుని, అత్త చెవుల్లో దూది, కళ్ళ మీద గుడ్డ పెట్టి పలాస తీసుకెళ్ళాం. అక్కడ ప్రభుత్వాసుపత్రిలో చూడగానే ఇంజక్షన్లేవో చేసి విశాఖపట్నం పంపించేశారు. దారిలో ప్రతి గోతికీ ఆవిడ ఒళ్ళు విల్లులా వంగేది. మా ఆయన తల్లి తల ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆవిడ బతకదని నాకు స్పష్టంగా అనిపించింది. చంపింది నేనేనని కూడా అనిపించింది.

విశాఖలో చీకటి గదిలో పడుకోబెట్టారు. అక్కడ ఒక కుర్ర డాక్టరు, కళ్ళ కింద నల్లచారలు, మూడు రోజులుగా నిద్రపోనట్టున్నాడు. ఏం మందులు వాడారని అడిగాడు. కాల్షియం అన్నాను. "ఎవరు చెప్పారు?" అన్నాడు. "పక్కూరి ఆర్ఎంపీ అండీ" అన్నాను. నా నోటంట అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో, ఏ గేటూ అడ్డం పడలేదు. ఆ డాక్టరు నిట్టూర్చి, "దానివల్ల పెద్ద చేటేమీ కాలేదులెండి. పోయింది రోజులే. మేం ఇప్పుడు మెగ్నీషియం ఎక్కిస్తున్నాం. నరం చివర కాల్షియం వచ్చే దారి ఉంటుంది, అందులో ఇది అడ్డం కూర్చుంటుంది. నరంలోకి వచ్చే కాల్షియం తగ్గితే కండరం కొంత వదులుతుంది. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే..." అని ఆగి, గోడ మీద వేలితో నరం చివర బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. చాలా అధ్వాన్నంగా గీశాడు. నేను జువాలజీ లెక్చరర్నని చెప్పలేదు. తలూపుతూ విన్నాను. ఆరేళ్ళ సర్వీసులో నేను నోరు మూసుకుని విన్న మొదటి పాఠం అది.

ఆ మెగ్నీషియం మోతాదు మించితే ఊపిరే ఆగిపోతుందట. అందుకని గంటగంటకీ వచ్చి చిన్న సుత్తితో మోకాలి కింద తట్టేవారు, కాలు కొంచెమైనా ఎగరాలి. ఎగిరిన ప్రతిసారీ నేను ఊపిరి పీల్చుకునేదాన్ని. గొంతు దగ్గర కోసి గొట్టం వేయాల్సి రావచ్చన్నారు, చివరికి వేయలేదు. తాడు తెగిన నరం మళ్ళీ కొత్త తాడు పేనుకోవాలి, దానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా మనిషిని నిలబెట్టుకోవడమే వైద్యమన్నాడు ఆ డాక్టరు. "ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ విషం మెదడు జోలికి పోదు. ఆవిడకి మొదటి రోజు నుంచీ పూర్తి స్పృహ ఉంది. అంతా వింటుంది, అంతా తెలుస్తుంది. ఆవిడ దగ్గర మాట్లాడేది చూసుకుని మాట్లాడండి" అన్నాడు.

అది నాకు చెప్పడం చాలా ఆలస్యమైపోయింది.

చూడ్డానికి వచ్చిన చుట్టాలంతా నన్ను మెచ్చుకుని పోయారు. సెలవు పెట్టుకుని అత్త మంచం పక్కన కూర్చున్న కోడల్ని ఈ రోజుల్లో ఎక్కడ చూస్తామన్నారు. చదువుకున్న పిల్ల ఉండబట్టి గదా ఇంతదూరం తెచ్చి బతికించుకున్నారని జలంత్రకోట నుంచి వచ్చిన ఆడపడుచు అందరికీ చెప్పింది. ఆయమ్మ పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చీకట్లో అత్త కళ్ళు మాత్రం తెరిచే ఉండేవి, నా వైపే. అంత పొగడ్త మధ్య నేను ఆ కళ్ళలోకి ఒక్కసారీ చూడలేకపోయాను.

నాలుగో వారంలో దవడ వదిలింది. ముందు చెంచాడు గంజి, తరవాత గ్లాసుడు. ఆ నవ్వు మెల్లగా కరిగి, పాత మొహం మిగిలింది. ఇంకో రెండు రోజులకి ఇంటికి పంపించేస్తారనగా, ఒక మధ్యాహ్నం మా ఆయన టిఫిన్ తేవడానికి కిందికి వెళ్ళారు. కిటికీ కొంచెం తీసి ఉంది. నేను ఆవిడకి తలకింద దిండు సర్దుతున్నాను.

"కూకో" అంది. గొంతు ఎండిన కొబ్బరాకులా ఉంది.

కూర్చున్నాను.

"అన్నీ ఇన్నాను" అంది.

 నటన అన్న మాటా, ఆర్ఎంపీ మీద తోసిన మాటా, ఏది ముందు తీస్తుందో అని చూస్తున్నాను. కాళ్ళ మీద పడిపోదామా అని కూడా అనుకున్నాను. ఆవిడ అవేవీ తియ్యలేదు. చాలాసేపు ఆయాసం తీర్చుకుంది.

"ఆయేల నీకు కాలు సూపించినాను గదా. మేకు దిగినాదని సెప్దామనుకున్నాను, నోరు రానేదు. నువ్వు వచ్చి కాలు పట్టుకున్నావు. అమ్మయ్య, సూసీసింది, ఇంక బతికిపోనాననుకున్నాను" అంది. దిండు మీద తల నా వైపు తిప్పింది. "అంతదాకా పట్టుకున్నదానివి, ఒక్కపాలి అరికాలు సూసినావు కావేటే?"

ఆవిడ గొంతులో కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని. దెప్పిపొడుపు ఉన్నా దానికి నా దగ్గర జవాబు దొరికేది. ఆవిడ నా మొహంలోకి నెమ్మదిగా చూస్తూ, నేను చెప్పేది వినడానికి కాచుకుని ఉంది. అంత చదువుకున్నది అరికాలు చూడలేదంటే దానికి తనకి తెలియని కారణమేదో ఉండి ఉంటుందని ఆవిడ నిజంగా అనుకుంటోంది.